మా సముద్రానికి ఉప్పు పోసిన ఎండాకాలం

మొన్న ఖమ్మంలో డాక్టరు నా జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకెలు చూసి, తప్పు తన మిషనుదేమోనని ఇంకోసారి కొట్టి, చివరికి కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"ఉప్పు బాగా వాడతారా?"

"తినడం అడుగుతున్నారా, వాడకం అడుగుతున్నారా?"

"రెండూ ఒకటే కదండీ."

"కాదు సార్. తినడం అందరిలాగే తింటాను. వాడడం మాత్రం జన్మలో ఒక్కసారే వాడాను. అర బస్తా. ఒకే మధ్యాహ్నం."

ఆయన పెన్ను గాల్లోనే ఆగింది. ఎలాగని అడుగుతాడనే అనుకున్నాను. కానీ తలుపు బయట జిల్లాలోని రక్తపోటంతా టోకెన్లు పట్టుకుని నిలబడి ఉంది. నర్సమ్మ నన్ను భుజం పట్టి లేపేసింది. అందుకని ఆయనకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీ చేతిలో టోకెను లేదు కాబట్టి తాపీగానే చెబుతాను.

మాది కారేపల్లి దగ్గర పల్లె. మిరప పండించే ఇల్లు. కాయలన్నీ ఖమ్మం యార్డుకు వెళ్ళిపోయినా ఘాటు మాత్రం ఇంట్లోనే ఉండిపోయేది. ఆ రోజుల్లో మా ఊళ్ళో గాలి పీలిస్తే తుమ్ము, వదిలితే దగ్గు. మా బర్రె కూడా తుమ్మేది. దాని పాలు తాగితే నాలుక చురుక్కుమనేదంటే మీరు నమ్మరు, నమ్మించే ఓపిక నాకూ లేదు. బడికి సెలవులిచ్చిన మర్నాడే ఆ ఘాటులోంచి తప్పించుకుని ఇంటిల్లిపాదీ సముద్రానికి బయల్దేరేవాళ్ళం.

అవును, సముద్రానికే. ఖమ్మం జిల్లాలో సముద్రమేమిటని మీరు అడగబోతున్నారని తెలుసు. భద్రాచలం ఇంకా కొంత దూరం ఉందనగా గోదావరి ఒకచోట అడవి వైపు ఒరుగుతుంది. వానాకాలంలో అక్కడంతా ఒకటే నది. ఎండలు ముదిరేసరికి నీళ్ళు దూరంగా జరిగిపోయి, మధ్యలో ఇసుకతిన్నె లేచి, ఈ ఒడ్డున నెలవంక ఆకారంలో పెద్ద మడుగు మిగిలిపోయేది. గట్టిగా అరిస్తే అవతలి ఒడ్డుకు మర్నాడు వినపడేంత పెద్ద మడుగు. దాన్నే మా ఇంట్లో సముద్రం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది తాత.

తాత కోస్తా మనిషి. పొలాలు వెతుక్కుంటూ కుర్రతనంలో ఇటు వలస వచ్చాడు. నాయనమ్మ ఇక్కడి పిల్లే, అడవి అంచు పల్లెలో పుట్టింది. పెళ్ళిచూపులనాటికి తాతకు ఎకరం లేదు, ఎత్తు లేదు, మీసం కూడా రావాలా వద్దా అని ఆలోచిస్తోంది. పిల్ల తండ్రి నీకేముందని అడిగితే, "నేను సముద్రం పక్కన పెరిగినవాణ్ణండీ, పెళ్ళయ్యాక మీ అమ్మాయికి సముద్రం చూపిస్తాను" అన్నాడట. తలుపు వెనకనుంచి నాయనమ్మ గొంతు వినపడిందట.

"ఎన్నిసార్లు?"

"ఏటా" అన్నాడట తాత.

ఆ ఒక్క మాటతో పెళ్ళి కుదిరింది. మొదటి ఎండాకాలం రాగానే తాత ఆమెను ఈ మడుగు ఒడ్డుకు తీసుకొచ్చి చెయ్యి చాపాడు. "గోదావరి సముద్రంలో కలుస్తుందని వినలేదూ? ఇదిగో, ఇక్కడే కలిసింది." నాయనమ్మ చాలాసేపు చూసి, "మంచిగనే ఉంది" అంది. అప్పటినుంచి ఏటా ఒక నెల మా కుటుంబానికి సముద్రతీరంలో విశ్రాంతి.

విశ్రాంతి అంటే అలాంటిలాంటిది కాదు. ఎర్రబస్సు టాపు మీద రోలు తప్ప ఇల్లంతా ఎక్కేది. కొత్తగూడెంలో బస్సు మారేటప్పుడు సామాను లెక్కపెడితే, ఎక్కించినదానికంటే రెండు మూటలు ఎక్కువే తేలేవి. దిగాక ఎడ్లబండి, బండి ఆగాక ఇసుకలో నడక. మోకాళ్ళదాకా దిగబడే ఆ ఇసుకలో నేను ఏడు జతల చెప్పులు పోగొట్టుకున్నాను. అప్పటికి నాకున్నవి రెండు జతలే.

మేము వెళ్ళేసరికి ఒడ్డున తాటాకు పందిరి సిద్ధంగా ఉండేది. అది వేసి ఉంచేది దోనె తాత. ఒకే మానును తొలిచి చేసిన దోనె మీద మడుగంతా తిరిగే ఆయనది అడవిలోపలి ఊరు. ఎప్పుడో వెదురు బొంగుల బేరంలో మా తాతకు స్నేహితుడయ్యాడు. మా తాత ఆయన్ని "తమ్ముడూ" అనేవాడు, ఆయన మా తాతను "అన్నా" అనేవాడు. ఆ ఇద్దరూ రేవులో కూర్చుని చుట్టలు కాలుస్తుంటే ఆ పొగకు చేపలు కూడా దగ్గేవి.

ఆ నెల వాసనలు ఇప్పటికీ నా ముక్కులో కిరాయి లేకుండా కాపురం ఉంటున్నాయి. పొద్దున్నే అడవిలోంచి ఇప్పపువ్వు వాసన వచ్చేది. ఎండెక్కాక ఇసుక మీద ఆరబోసిన తునికాకు కట్టల పచ్చి వాసన. మధ్యాహ్నం నాయనమ్మ చేపల పులుసు పొయ్యి దింపితే భద్రాచలం వైపు పోయే బస్సులు దారి తప్పి మా పందిరి వైపు వచ్చేవని తాత చెప్పేవాడు. సాయంత్రం తాటిముంజలు, రాగి రంగులో మిగలపండిన తునికిపండ్లు. తిన్నన్ని తిని, తినలేనివి అక్క మీదకు విసిరేవాణ్ణి. అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది, ముప్పై ఏళ్ళు తెలివైనది.

పొద్దు వాలాక తాత సముద్రం కథలు మొదలయ్యేవి.

"మా ఊళ్ళో కెరటం లేచిందంటే ఏవిట్రా అనుకున్నావు? కొబ్బరిచెట్టు కొనమీద కాయని తడిపి దిగేది. చేపలా? ఒక్క చేపని ఊరంతా వారం రోజులు తిని, మిగిలిన ముల్లుతో ఇంటికి దూలం వేసుకునేవాళ్ళు."

"మరి ఈ సముద్రంల కెరటాలేవి తాతా?" అని అడిగేవాణ్ణి.

"ఎండాకాలం కదరా, వాటికీ సెలవులు."

పెద్దయ్యాక నన్ను అందరూ కోతలరాయుడంటారు. ఆ పాపంలో నా వాటా చాలా తక్కువని మనవి.

తాత అలా చెబుతుంటే నాయనమ్మ మడుగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఆయనకు వినపడేలా రోజూ ఒకే మాట అనేది.

"సముద్రం చూపిస్తనంటేనే ఈయనతోని తాళి కట్టించుకున్న. ఇది సముద్రం కాదని ఎవడన్న రుజువు చేసిండా, ఆ పొద్దే మా పుట్టింటికి పోత. మళ్ళ మొకం చూడ."

ఆ మాట వినగానే తాతకు పందిరి గుంజలు బిగించే పని గుర్తొచ్చేది. ఆ నెలలో ఆయన బిగించినన్ని గుంజలు కోటలకు కూడా ఉండవు. పెద్దవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాదు. నాయనమ్మ వెళ్ళిపోతే చేపల పులుసు ఎవరు పెడతారు? నాన్న కోపంగా ఉన్నప్పుడు నేను ఎవరి వెనక దాక్కోవాలి? తాత ఎవరికి భయపడాలి? తొమ్మిదేళ్ళ బుర్రకు ఇవన్నీ చాలా పెద్ద ప్రశ్నలు.

అయినా రుజువు చేసేవాడు ఎవడొస్తాడులే అని ధైర్యంగా ఉండేది. ఆ యేడు వాడే వస్తున్నట్టు కబురొచ్చింది.

ఆ మాఘంలోనే మా చిన్నత్తకు పెళ్ళయింది. కొత్త మామయ్య ఖమ్మంలో సైన్సు మాస్టారు. లోకంలో ఏ తప్పూ దిద్దకుండా వదిలే మనిషి కాదు. తన పెళ్ళిలోనే పంతులుగారు అరుంధతిని చూడమంటే, "పట్టపగలు నక్షత్రం కనిపించదండీ" అని పందిట్లో అరగంట పాఠం చెప్పాడు. పంతులుగారు చివరికి, "రాత్రికి వస్తాను బాబూ, అప్పుడు చూద్దురు గాని" అని కాళ్ళావేళ్ళా పడితే గాని పెళ్ళి ముందుకు సాగలేదు. అలాంటి మామయ్యకు తాత ఉత్తరం రాశాడు, మా సముద్రానికి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళమని. "వస్తున్నాను, సముద్రాన్ని పరిశీలించాలని ఉంది" అని మేము ఒడ్డుకు చేరాక జవాబొచ్చింది.

అదే రోజు అక్క తన సైన్సు పుస్తకం తెరిచి నా ముక్కు కింద పెట్టింది. సముద్రపు నీరు ఉప్పగా ఉండును.

ఇద్దరం పరిగెత్తుకెళ్ళి మడుగులో దోసిలి ముంచి తాగాం. చప్పగా ఉంది. ఇంకొంచెం లోపలికి వెళ్ళి తాగాం. చప్పగానే ఉంది. సముద్రమంతా తాగితే ఎక్కడో ఒకచోట ఉప్పు తగలకపోతుందా అని నేను తాగుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం మడుగు జానెడు తగ్గింది.

"అక్కా, మామయ్య గిది తాగుతడా?"

"తాగకుంట ఉంటడా? మొదటి గుక్కకే చెప్పేస్తడు."

"వద్దంటే?"

"పెండ్లి పంతుల్నే వదల్లేదురా ఆయన."

అప్పుడు నాకో ఆలోచన తట్టింది. తట్టి ఊరుకోలేదు, నన్ను కొరకడం మొదలుపెట్టింది. ఉప్పు లేకపోతే వెయ్యవచ్చు కదా? కూరలో వెయ్యడం లేదూ? ఎంత వెయ్యాలన్నదే ప్రశ్న. దోనె మీద పోతూ దోనె తాతనే అడిగాను.

"దోనె తాతా, ఈ మడుగు ఉప్పగ కావాలంటే ఎంత ఉప్పు పడతది?"

ఆయన నవ్వలేదు. తెడ్డు ఆపాడు. మడుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. తెడ్డు నిలువుగా ముంచి లోతు చూశాడు. నా ప్రశ్నను అంత మర్యాదగా ఆలోచించిన పెద్దమనిషి మళ్ళీ నాకు దొరకలేదు.

"పడతది బిడ్డా, మస్తు పడతది. ఆ గుట్టంత." దూరంగా ఉన్న కొండను చూపించాడు. "ఏమిటికి? సముద్రం చేస్తవా ఏంది?"

"అవ్" అన్నాను.

"జల్దీ ఏముంది? ఈ నీళ్ళు ఆడికే పోతయి. వానలు పడంగనే లేచి పోతయి. ఇది కూడ సముద్రమే. ఇంక తొవ్వల ఉంది, అంతే."

మామయ్య వచ్చేది రెండు రోజుల్లో. ఇంకా దారిలోనే ఉన్న సముద్రం అప్పటికి చేరేలా లేదు. పైగా నా దగ్గర గుట్ట లేదు. కానీ అర బస్తా ఉంది.

ఆ అర బస్తా సంగతి చెప్పాలి. మా ఇంటి ఆవకాయ ఏటా ఆ ఒడ్డునే పెట్టేవాళ్ళు, ఎందుకంటే కాయలు దోనె తాత ఊరి చెట్లవి. ఏనుగు ఊపినా రాలనంత గట్టి కాయలు, ఈటెలాంటి పులుపు. కొమ్మలు నేలకు ఆనుతున్నా ఆ ఊళ్ళో ఎవరూ ఒక్క కాయ ముట్టేవాళ్ళు కాదు. ఊరి పెద్దలు కూడబలుక్కుని కొత్తల పండుగ చెయ్యాలి. కొత్త కాయ ముందు నేలతల్లికి పెట్టాలి. ఆ తరవాతే మనిషి నోట్లోకి. ఆ పండుగ ఏ రోజో వాళ్ళు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. నాయనమ్మ కూడా దానికి కట్టుబడేది. ఆవపిండి, కారం, నూనె, జాడీలు అన్నీ సర్ది పెట్టుకుని, కత్తిపీట పక్కన పెట్టుకుని కబురు కోసం ఎదురుచూసేది. ఎండబెట్టి దంచిన దొడ్డుప్పు అర బస్తా పందిరి మూలన ఏ పనీ లేకుండా కూర్చుని ఉండేది. పనిలేకుండా కూర్చున్నవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ జాలి.

"పండుగ ఎప్పుడో ఎవరికీ తెల్వదు. అప్పటిదాక ఉప్పుతోని పనేం లేదు" అంది అక్క.

"పండుగైనంక?"

"అప్పటి సంగతి అప్పుడు."

ఇంత గొప్ప సలహా ఇచ్చిన అక్క తరవాతి కాలంలో టీచరై పిల్లలకు ముందుచూపు గురించి పాఠాలు చెప్పింది.

మామయ్య రావడానికి ముందురోజు మధ్యాహ్నం. పెద్దలంతా పందిరి కింద కునుకు తీస్తున్నారు. తాత గురకకు పందిరి తాటాకులు ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతున్నాయి. మొదట నాలుగు దోసిళ్ళు మడుగులో వేసి రుచి చూశాను. మడుగు కనీసం తుమ్మలేదు. అక్క నెత్తి కొట్టుకుంది.

"గట్ల కాదురా. మామయ్య బండి దిగంగనే ఏం చేస్తడు? కాళ్ళు కడుక్కుంటడు, నోరు పుక్కిలిస్తడు. ఏడ? గా రెండు బండల నడుమ. గంత జాగ ఉప్పగుంటే చాలు."

పందిట్లోంచి దిగే దారిలో రెండు బండల మధ్య నీళ్ళు చిన్న మూలగా లోపలికి వచ్చేవి. మేము ఆ మూలకు అడ్డంగా ఇసుకకట్ట కట్టాం. సముద్రం నుంచి సముద్రాన్ని వేరు చేశాం. తరవాత ఇత్తడి చెంబుతో నేను పందిరి నుంచి బండల దాకా పరుగు. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు గాని, నా కాళ్ళ కింద ఆ దారి ఒక మూర లోతు అరిగింది. చివరికి బస్తాను దులిపాం. అక్క వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. దాని మొహం లోపలిది బయటికి తిరిగింది.

"అయిందా సముద్రం?"

"సముద్రాన్ని దాటిపోయిందిరా!"

అంతా చూసుకున్నాం గాని ఒకటి మరిచిపోయాం. ఆ బండలకు మూడడుగుల దూరంలోనే ఇసుకలో తవ్వుకున్న చెలమ ఉంది. ఇంటిల్లిపాదీ తాగే నీళ్ళు అందులో ఊరేవి.

మర్నాడు పొద్దున్నే మామయ్య దిగాడు, వెనక చిన్నత్త. అక్క అన్నట్టే నేరుగా బండల దగ్గరికి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు. పుక్కిలిద్దామని బుగ్గలు ఉబ్బించి, అలాగే ఆగిపోయాడు. తాత చేతిలో తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. తీర్పు కోసం నిలబడ్డ ముద్దాయి కూడా అంత ముడుచుకుపోడు.

మామయ్య ఊసేశాడు. "మామగారూ, ఇది ఉప్పగా ఉందండీ."

"ఏవిటీ?" అన్నాడు తాత.

"ఉప్పగా ఉంది."

తాత చేతిలో తువ్వాలు ఇసుకలో పడింది. ఆయన వంగింది తువ్వాలు కోసం కాదు. వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. తరవాత మెల్లగా ఇసుకలో కూర్చుండిపోయాడు. నలభై ఏళ్ళుగా చెబుతున్న అబద్ధం ఉన్నట్టుండి నిజమైపోతే మనిషి మొహం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను.

ఇంతలో పందిట్లో చెలమ నీళ్ళు కలిపి టీకి పెట్టిన పాలు విరిగిపోయాయి. ఇంకోసారి కాచారు, మళ్ళీ విరిగాయి. మామయ్య పరుగున వెళ్ళి చెలమ నీళ్ళు రుచి చూసి, చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"రెండు చోట్ల పరీక్షించాను, రెండు చోట్లా ఉప్పే! శాస్త్రానికి ఇంతకంటే ఏం కావాలి? సముద్రం భూమి లోపలినుంచి ఊరుతూ ఇక్కడిదాకా వస్తోందండీ!" అని, చిన్నత్త కొబ్బరినూనె సీసా ఖాళీ చేయించి, నీళ్ళు పట్టి, బిరడా బిగించాడు. ఆ సీసాతో ఆయన ఖమ్మంలో ఎన్నేళ్ళు పాఠం చెప్పాడో గాని, గోదావరి ఉప్పగా ఉండునని రాసి పరీక్ష తప్పిన వాళ్ళు ఇప్పటికీ నాకు అక్కడక్కడా తగులుతుంటారు.

నేను గెలిచాను. నాయనమ్మ ఇక ఎక్కడికీ వెళ్ళదు. ఆ గెలుపు సరిగ్గా ఒక పూట ఉంది.

మధ్యాహ్నం అడవిలోంచి డోలు చప్పుడు వినిపించింది. ఎండ తిరిగేసరికి దోనె తాత దోనె నిండా మామిడికాయలతో వచ్చాడు. "పండుగైంది వదినా, ఇగ కొయ్యి!" అని కేకేశాడు. నాయనమ్మ కొంగు బిగించి, ఉప్పు కోసం పందిరి మూలకు వెళ్ళింది.

చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఖాళీ బస్తా మడిచి చంకలో పెట్టుకుని ఉంది. అందరి మొహాలూ చూసింది. మొహాలయ్యాక కాళ్ళు చూసింది. నా మోకాళ్ళ నుంచి మడమల దాకా నీళ్ళు ఆరిపోయిన చోటల్లా తెల్లటి చారలు. పారిపోదామంటే ఒక వైపు అడవి, ఒక వైపు నేను చేసిన సముద్రం.

అప్పుడే మామయ్య సీసా పట్టుకుని ఎదురొచ్చాడు. "అత్తమ్మగారూ, మీరు అదృష్టవంతులు. ఇది నిజంగా సముద్రపు నీరేనండీ!"

నాయనమ్మ సీసా చూసింది. పొద్దుటినుంచీ ఇసుకలోనే కూర్చున్న తాతను చూసింది. తాత వెలిగే మొహంతోనే కళ్ళు దించుకున్నాడు.

"సముద్రమన్నంక ఉప్పగ ఉండదా అయ్యా?" అంది నాయనమ్మ. "నలభై ఏండ్లసంది మీ మామ గదే చెప్తుండు. మీకిప్పుడు తెలిసింది." అని నా చెవి పట్టుకుంది. "నువ్వు దా. కట్టెలేరుదాం."

బండల వెనక్కి తీసుకెళ్ళి చెవి వదిలింది.

"ఉప్పు ఏడబోయిందిరా?"

"సముద్రంల."

"ఎందుకు పోసినవు?"

"మామయ్య వచ్చి ఇది సముద్రం కాదంటే, నువ్వు పుట్టింటికి పోతవని."

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. తెరిచి చూస్తే నాయనమ్మ ఇసుకలో చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఓరి నా పిచ్చి కొడుకా! నాకు పుట్టిల్లు ఏడుందిరా? మా అన్నలు దాన్ని కొట్టం చేసి బర్రెలను కట్టేసిండ్రు. పోయి వాటి నడుమ పండాల్నా?"

"మరి ఇది సముద్రం కాదని నీకు తెలుసా?"

"పెండ్లైన మొదటేడే దోసిలి పట్టి నోట్ల పోసుకున్న. వంట చేసేదాన్ని, ఉప్పున్నదో లేదో తెల్వదా నాకు?"

"అయితే తాత అబద్ధం చెప్పిండు."

"మీ తాత సముద్రం చూడనే లేదురా. వాళ్ళూరికి అది శానా దూరమంట, మా అత్త చెప్పింది. చూసినోడైతే ఉన్నంతే చెప్పేటోడు. చూడలే, గందుకే గంత పెద్దగ చెప్తడు."

నా బుర్ర గిర్రున తిరిగింది. ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. "అన్నీ తెలిసి రోజూ పుట్టింటికి పోత అని ఎందుకంటవు?"

నాయనమ్మ నవ్వు ఆపి మడుగు వైపు చూసింది.

"గట్లంటెనే ఏటా తోలుకొస్తడు. లేకపోతే ఆ మిరపతోట ఇడిసి కాలు బైట పెడతడా మీ తాత? నాకైనా, ఇంట్ల ఉన్నన్ని దినాలు పనే. నీళ్ళల్ల కాళ్ళు పెట్టుకొని కూసునేది ఈ ఒక్క నెలనే." లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంటూ అంది. "నువ్వు ఆయనకు చెప్పకు. మొకం చూసినవా? పెండ్లినాడు కూడ గంత సంబురపడలే."

నేను చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం, అదీ డాక్టరు అడిగితే.

ఆ సాయంత్రం తాత ఒక్కడే బండల దగ్గరికి వెళ్ళడం చూశాను. అటూ ఇటూ చూసి, ఇంకోసారి వేలు ముంచి చప్పరించి, మడుగుకు రెండు చేతులూ జోడించాడు. మర్నాటికి మా ఇసుకకట్ట తెగిపోయింది. చెలమ కొత్తగా తవ్వారు. నీళ్ళు మళ్ళీ చప్పబడ్డాయి. మామయ్య కంగారుపడితే తాత ఛాతీ విరుచుకుని, "ఆటుపోట్లు అల్లుడుగారూ! నిన్న పోటు, ఇవాళ ఆటు. మా ఊళ్ళో రోజూ చూసేవాళ్ళం" అన్నాడు. నాయనమ్మ గబగబా పొయ్యి దగ్గరికి వెళ్ళి ఊదడం మొదలుపెట్టింది. పొయ్యిలో నిప్పే లేదు.

పోసిన ఉప్పు మాత్రం ఆవకాయకు తిరిగి రాలేదు. సంతకు ఇంకా అయిదు రోజులుంది, కోసిన కాయ ఆగదు. కాయలు తెచ్చిన రోజే దోనె తాత నా కాళ్ళు చూసి, "అయిందా బిడ్డా సముద్రం?" అని మెల్లగా అడిగి, దోనె తిప్పుకుని వెళ్ళాడు. పొద్దు గూకే వేళకు తమ ఊళ్ళో ఇంటికో దోసెడు అడిగి, ఆకుదొప్పల్లో ఉప్పు పట్టుకొచ్చాడు. అయినా చాలలేదు. ఆ యేటి ఆవకాయ దసరాకల్లా జాడీలో తెల్లటి గడ్డం పెంచుకుంది. ఇంట్లో అందరూ ముద్ద ముద్దకూ మొహాలు చూసుకున్నారు గాని, నాయనమ్మ ఎవరికీ కారణం చెప్పలేదు. పైన బూజు తీసేసి మొదటి గరిటె నా కంచంలో వేసి, "సముద్రం చేసినోడు తినాలె" అని చెవిలో అనేది. ఆ యేడంతా తిన్నాను. ఇవాళ నా రక్తపోటు రూపంలో ఆ యేడు తినని ఉప్పంతా వడ్డీతో వచ్చిందని నా అనుమానం.

ఆ తరవాత పెద్ద వరదలు వచ్చాయి. గోదావరి మనసు మార్చుకుని అటువైపు జరిగింది. మడుగు పూడిపోయింది. మొన్నామధ్య కారు ఆపి దిగి చూస్తే, మా సముద్రం ఉన్నచోట తుమ్మలు మొలిచి, వాటి మధ్యనుంచి ఇసుక లారీల దారి పోతోంది. రెండు బండల కోసం వెతికాను. ఒకటి దొరికింది. అదే అవునో కాదో గాని, వంగి ఒకసారి నాకి చూద్దామనిపించింది. లారీ డ్రైవరు చూస్తున్నాడని ఊరుకున్నాను. దోనె తాత వెళ్ళిపోయాడు. తాతా వెళ్ళిపోయాడు. సముద్రం ఒడ్డున పెరిగినవాడిగానే వెళ్ళాడు. ఊరంతా ఆయన్ని అలాగే తలుచుకుంది.

నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఎండాకాలం, అక్కా నేనూ కలిసి నాయనమ్మను నిజంగా సముద్రానికి తీసుకెళ్ళాం. బస్సు దిగి ఇసుక దాటింది. నీళ్ళ అంచున నిలబడి కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. అలా ఎంతసేపు చూసిందంటే, మా పక్కన శనగలు అమ్మేవాడి బుట్ట ఖాళీ అయి, వాడు ఇంటికెళ్ళి మళ్ళీ నింపుకొచ్చాడు.

"ఎట్లుంది నాయనమ్మా?" అంది అక్క.

"మీ తాత చెప్పినంత లేదే" అంది.

ఒక కెరటం వచ్చి ఆమె కాళ్ళు తడిపి వెళ్ళింది. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వంగి, దోసిలి పట్టి నోట్లో పోసుకుంది. మొహం మొత్తం ముడుచుకుపోయింది. పక్కకు ఊసి, కొంగుతో మూతి తుడుచుకుని, అక్కడున్న వందమందినీ దాటి నేరుగా నా వైపు తిరిగింది.

"ఎవడు పోసిండురా గింత ఉప్పు?"

నేను చెయ్యెత్తాను.